కలయికలో నొప్పి: మందు కంటే ముందు, నొప్పి ఎక్కడో తేల్చుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వయసు 27, పెళ్లయి ఏడాది. నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో కాపురం. మొదటి రాత్రి నుంచీ కలయిక కుదరడం లేదు. ప్రయత్నిస్తే మంట, గోడకు తగిలినట్టు అడ్డు. ఒక డాక్టరు ఇన్ఫెక్షన్ అని మాత్రలు రాశారు, ఇంకొకరు "రిలాక్స్ అవ్వమ్మా, ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. దీనికి తోడు కొన్ని నెలలుగా బహిష్టు రోజుల్లో పొత్తికడుపులో విపరీతమైన నొప్పి. ఎక్కడికి వెళ్లాలి, ఏం చేయించుకోవాలి?

మీరు రాసినదాంట్లో రెండు నొప్పులున్నాయి. వాటిని ఒకే గాటన కట్టకండి. యోని ద్వారం దగ్గరే ఆగిపోయే నొప్పి వేరు, పొత్తికడుపు లోతుల్లో వచ్చే నొప్పి వేరు. కారణాలు, పరీక్షలు, మందులు దేనివి దానివే. ఈ తేడా అడగకుండా రాసిన చీటీ ఏదైనా చీకట్లో రాయి విసరడమే.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు కొన్ని సంగతులు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నొప్పి ప్రవేశం దగ్గరా, లోపల తగిలినప్పుడా, అంతా అయ్యాక గంటల తరబడి ఉండే మంటా? మొదటి నుంచీ ఉందా, కొన్నాళ్లు బాగుండి తర్వాత మొదలైందా? వేలు పెట్టినా, టాంపన్, మెన్‌స్ట్రువల్ కప్ పెట్టినా వస్తుందా? బిగుతు జీన్స్ వేసుకున్నా, ఎక్కువసేపు కూర్చున్నా మంటగా ఉంటుందా? మూత్రానికి, విరేచనానికి వెళ్లినప్పుడు నొప్పి ఉందా? బహిష్టుకు ముందు ఎక్కువవుతుందా? తెల్లబట్ట, దురద, కలయిక తర్వాత రక్తం ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు? వీటికి జవాబులుంటే సగం నిర్ధారణ అయిపోయినట్టే. "అక్కడ ఇబ్బందిగా ఉంది" అని ఊరుకుంటే మాత్రం ఇన్ఫెక్షన్ మాత్రలతోనే బయటికొస్తారు.

ఇక మీ అసలు సమస్య. మొదటి నుంచీ అడ్డు, గోడలాంటి భావన అంటే మొదట అనుమానించాల్సింది వజైనిస్మస్. యోని చుట్టూ, కటి అడుగున కండరాల పొర ఒకటి ఉంటుంది. నొప్పి వస్తుందన్న భయానికి అది తనంతట తానే బిగుసుకుపోతుంది, కంటి దగ్గరికి వేలు వస్తే రెప్ప మూసుకున్నట్టు. మీరు కావాలని చేసేది కాదు, ఇష్టం లేకపోవడం కాదు, యోని చిన్నదిగా ఉండటమూ కాదు. చిన్నప్పుడు ఏదో జరిగి ఉండాలన్న నియమం కూడా లేదు. మొదటిసారి నొప్పి, రక్తం తప్పవన్న మాటలు విని పెరగడం, మొదటి ప్రయత్నం తొందరలో జరగడం, అదే చోట ఇంకేదైనా మంట ఉండటం, ఏదైనా చాలు. ఒకసారి నొప్పి పుడితే భయం, భయానికి బిగువు, బిగువుకు మళ్లీ నొప్పి.

ఇక్కడ ఒక హెచ్చరిక. "కన్నెపొర గట్టిగా ఉంది, చిన్న కోత పెడితే సరిపోతుంది" అని ఎవరైనా అంటే రెండో అభిప్రాయం తీసుకోకుండా ఒప్పుకోవద్దు. పొర నిజంగా అడ్డుగా ఉండటం, యోనిలో పుట్టుకతో అడ్డుగోడ ఉండటం అరుదు. ఉన్నా పరీక్షలో కనిపిస్తాయి. బిగుసుకున్నది కండరమైతే పొర కోసినా బిగువు అలాగే ఉంటుంది, పైగా కుట్టు మచ్చ అదనం. మత్తిచ్చి పరీక్షించి "అంతా మామూలే" అని పంపించడం కూడా చాలదు. మత్తులో కండరం వదులవుతుంది, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే.

చికిత్సలో మొదటి మెట్టు, వినడానికి వింతగా ఉన్నా, కలయిక ప్రయత్నాలు పూర్తిగా ఆపేయడం. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు. నొప్పితో ముగిసిన ప్రతి ప్రయత్నం కండరానికి బిగుసుకోవడాన్నే మళ్లీ నేర్పుతుంది. దగ్గరితనం మానేయమని కాదు. ముద్దులు, స్పర్శ, కలిసి పడుకోవడం అన్నీ ఉండొచ్చు, ప్రవేశం మాత్రం వద్దు. ఈ మాట భర్తకు మీరు చెప్పడం కష్టమైతే డాక్టరు చేతే చెప్పించండి.

రెండో మెట్టు ఊపిరి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, వాటి కింద దిండ్లు పెట్టుకోండి. ఒక చేయి పొట్ట మీద. ముక్కుతో నెమ్మదిగా పీల్చినప్పుడు పొట్ట లేవాలి, ఛాతీ కాదు. అప్పుడు కటి కండరాలు కొద్దిగా కిందికి జారతాయి, వదిలినప్పుడు పైకి వస్తాయి. ఆ కదలిక మీకు తెలిసేదాకా రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. చాలామంది పొట్ట లోపలికి పీల్చి పట్టుకునే అలవాటుతో ఉంటారు. జిమ్‌లో పొట్ట బిగించడం, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటల తరబడి మూత్రం ఆపుకోవడం, మలబద్ధకంతో ముక్కడం, ఇవన్నీ ఆ కండరాలను బిగువుగానే ఉంచుతాయి.

మూడో మెట్టు వేలు లేదా డైలేటర్లు. డైలేటర్ అంటే నునుపైన సిలికాన్ కడ్డీ. చిటికెన వేలంత సన్నం నుంచి పురుషాంగమంత లావు వరకు సెట్టుగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనలేకపోతే మీ వేళ్లే చాలు. గోళ్లు కత్తిరించుకోండి, మూత్రం పోసి రండి, తలుపు గడియ పెట్టుకోండి. వీపు వెనక దిండ్లతో సగం కూర్చుని, అద్దంలో ముందు ద్వారం ఎక్కడుందో చూసుకోండి. ఏళ్ల తరబడి చూసుకోనివాళ్లే ఎక్కువ. వేలికి, ద్వారానికి నీటి ఆధారిత జెల్ ధారాళంగా రాయండి. మొదటి రోజుల్లో లోపలికి వద్దు, ద్వారం మీద వేలు ఆనించి ఊపిరి తీయడమే. మంట భయం తగ్గాక, ఊపిరి పీలుస్తూ, అపానవాయువు వదిలేటప్పటిలా కొద్దిగా కిందికి తోసి, అదే క్షణంలో వేలు ఒక కణుపు మేర పోనివ్వండి. ఆపండి. ఊపిరి. బిగువు సడలాక ఇంకో కణుపు. దిశ నిటారుగా కాదు, నడుము ఎముక వైపు, కొంచెం వెనక్కి. ఐదు నిమిషాలు అలా ఉంచి, ఆ తర్వాత అటూ ఇటూ నెమ్మదిగా కదపండి. మొత్తం పది, పదిహేను నిమిషాలు, వారానికి నాలుగైదు రోజులు.

నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. మూడు దాటితే అక్కడే ఆగండి, కావాలంటే ఒక సైజు వెనక్కి వెళ్లండి. ఒక సైజు వరసగా మూడుసార్లు హాయిగా పోయిందంటేనే తర్వాతిది. పెద్ద సైజు వరకు వచ్చాక మీ చేతి కింద భర్త వేలు, తర్వాత అదే డైలేటర్ ఆయన చేతిలో, చివరికి మీరు పైన ఉండి, ఆయన కదలకుండా, ప్రవేశం మీ అదుపులో. కొందరికి ఆరు వారాలు, కొందరికి ఆరు నెలలు.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. యూట్యూబ్ చూసి కెగెల్ వ్యాయామాలు, అంటే మూత్రం ఆపుకున్నట్టు బిగించడం, మొదలుపెడతారు. బిగుసుకుపోయిన కండరానికి ఇంకా బిగింపు నేర్పడం అది, మీకిప్పుడు కావలసింది వదలడం. ఇంకొందరు వారం రోజులు మానేసి శనివారం రాత్రి గంటసేపు చేస్తారు, ఒకేసారి రెండు సైజులు దూకుతారు, ఊపిరి బిగబట్టి పని కానిచ్చేస్తారు. మద్యం తాగి ప్రయత్నించడం, మొద్దుబారే జెల్ రాసుకుని తోయడం కూడా అంతే. ఆ పూటకు పనైనట్టే ఉంటుంది, నేర్చుకోవలసినది మాత్రం కండరానికి అందదు.

ఇంట్లో సాగకపోతే కటి కండరాల మీద పనిచేసే మహిళా ఫిజియోథెరపిస్టును వెతకండి. బెంగళూరు, చెన్నైలలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో "పెల్విక్ ఫ్లోర్" అని అడిగితే చెబుతారు. మోకాలు, వెన్నునొప్పి చూసే ఫిజియోలందరికీ ఈ పని రాదు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. భయం మరీ తీవ్రంగా ఉంటే, తొడలు దగ్గరకు వచ్చేసి పరీక్ష కూడా చేయించుకోలేకపోతే, మానసిక నిపుణుల కౌన్సెలింగ్ జోడించాలి. బెంగళూరులో మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్లడమంటే పిచ్చి ముద్ర వేసుకోవడం కాదు. ఇవన్నీ చేసినా ఫలితం లేనివాళ్లకు కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ ఒక దారి. దాని తర్వాత కూడా డైలేటర్లు తప్పవు.

భర్త సంగతి కూడా చూడాలి. నెలల తరబడి ప్రయత్నం విఫలమైతే చాలామంది మగవాళ్లకు అంగస్తంభన తగ్గుతుంది, లేదా తొందరగా అయిపోతుంది. గట్టిదనం చాలకపోతే ప్రవేశం ఇంకా కష్టం, అప్పుడు తప్పు ఎవరిదన్న గొడవ. ఆయనకూ పరీక్ష చేయించండి.

ఇప్పుడు మీకు ఇచ్చిన ఇన్ఫెక్షన్ మాత్రల విషయం. నిజంగా కాండిడా అనే ఫంగస్ ఉంటే దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, ఎర్రదనం ఉంటాయి. దానికి క్లోట్రిమజోల్ 500 మి.గ్రా. యోని మాత్ర ఒకటి, లేదా ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. ఒక డోసు మామూలు చికిత్స. గర్భం ఉన్నా, ఉండే అవకాశమున్నా ఫ్లూకొనజోల్ వద్దు. ఏడాదిలో పదే పదే వస్తుంటే మళ్లీ అదే మాత్ర మింగకుండా స్వాబ్ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించాలి. చేప వాసనతో పల్చటి తెల్లబట్ట ఉంటే అది వేరు, మెట్రొనిడజోల్ కావాలి. కలయికతో అంటుకునే ట్రైకోమొనాస్ అనే క్రిమి అయితే భర్తకూ మందు వేయకపోతే మళ్లీ అంటుకుంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష (సుఖవ్యాధుల) క్లినిక్కుల్లో ఈ మందులు ఉచితం.

పరీక్షల్లో ఏమీ తేలకుండా, ద్వారం చుట్టూ తాకితే చురుక్కుమంటే అది వెస్టిబ్యులోడినియా, అంటే ద్వారం దగ్గరి నరాల మంట, కావచ్చు. తడి దూది పుల్లతో ద్వారం చుట్టూ గడియారం అంకెల వరసలో మెల్లగా తాకి, ఎక్కడ మంటో చూడటమే దీని పరీక్ష. ఎక్కువగా నాలుగు నుంచి ఎనిమిది అంకెల మధ్య, కింది వైపు దొరుకుతుంది. వజైనిస్మస్‌కు తోడుగా ఇది ఉండటం మామూలే, అందుకే మీరు దీన్ని తప్పక అడగాలి. మొద్దుబార్చే లిడొకైన్ 5 శాతం ఆయింట్‌మెంట్ డైలేటర్‌కు పది, పదిహేను నిమిషాల ముందు శనగగింజంత రాసి తుడిచేయడం, రాత్రిపూట తక్కువ డోసు అమిట్రిప్టిలిన్ (10 మి.గ్రా.తో మొదలు), కండరాల ఫిజియోథెరపీ, ఇవి చికిత్సలు. పైన మొద్దుబారే జెల్ వద్దన్నది కండరాన్ని వదిలించకుండా కలయికకు దాన్నే నమ్ముకోవడం గురించి. ఇక్కడ మంట నరాలది కాబట్టి, వ్యాయామానికి తోడుగా దానికి చోటుంది.

చర్మం మీద తెల్ల మచ్చలు, రాత్రిళ్లు దురద, చర్మం పల్చబడి చిట్లడం ఉంటే లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి అయి ఉండొచ్చు. దానికి క్లోబెటసోల్ 0.05 శాతం ఆయింట్‌మెంట్ మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు, డాక్టరు పర్యవేక్షణలో. మందుల షాపులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఇచ్చే ట్యూబులు మాత్రం కొనకండి. అసలు జబ్బును కప్పిపెట్టి కొత్త మంట తెచ్చేవి అవే. డెటాల్, సువాసన వాష్‌లు, పౌడర్లు కూడా ఆపండి. బయట గోరువెచ్చని నీళ్లు చాలు, లోపల కడగడం అసలే వద్దు.

పొడిబారడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ నొప్పికి చాలా తరచు కారణం. ఉద్రేకం కలగడానికి పదిహేను, ఇరవై నిమిషాలైనా పడుతుంది. అప్పుడు తడి ఊరడమే కాదు, యోని లోపల పొడవు పెరిగి గర్భసంచి పైకి లేస్తుంది. తొందరపడితే ద్వారం దగ్గర రాపిడి, లోపల గర్భసంచి మూతికి తాకిడి, రెండూ. బెంగళూరు గాలికి ముక్కు కారుతూ రోజూ అలర్జీ మాత్ర వేసుకునేవాళ్లకూ, కొన్ని డిప్రెషన్ మందులు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకూ పొడిదనం ఉండొచ్చు. నీటి ఆధారిత లూబ్రికెంట్ వాడండి, ఆరిపోతే మళ్లీ వేయండి. కొబ్బరినూనె, బేబీ ఆయిల్ కండోమ్ రబ్బరును చింపేస్తాయి. క్లోట్రిమజోల్ క్రీము కూడా అంతే. కండోమ్ వాడనివాళ్లకు కొబ్బరినూనె పడితే పర్వాలేదు.

పాలిచ్చే తల్లులకు, బహిష్టులు ఆగినవాళ్లకు ఈస్ట్రోజన్ హార్మోను తగ్గి యోని లోపలి పొర పల్చబడుతుంది. బహిష్టులు ఆగినవాళ్లకు యోనిలో వాడే ఈస్ట్రియాల్ క్రీము రెండు, మూడు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు వాడితే బాగా పనిచేస్తుంది. తొలి మోతాదుకే తేడా రాదు, కొన్ని వారాలు ఆగాలి. రొమ్ము క్యాన్సర్ చికిత్స తీసుకున్నవాళ్లు క్యాన్సర్ డాక్టరును అడగకుండా వాడకూడదు. కాన్పు కుట్ల దగ్గర నొప్పి ఉంటే, ఆరు వారాల తర్వాత పుండు పూర్తిగా మానాక, మచ్చ మీద బొటనవేలితో నూనె రాసి రోజుకు ఐదు నిమిషాలు కిందికి, పక్కలకు ఒత్తాలి. నెలలు గడిచినా తగ్గకపోతే చూపించండి. అక్కడ మిగిలిన పచ్చి కండను కాల్చేయడం, మరీ బిగుతుగా వేసిన కుట్టును సరిచేయడం చిన్న పనులే.

మీ రెండో నొప్పి: బహిష్టు రోజుల్లో పొత్తికడుపు. కలయికే జరగలేదు కాబట్టి దీన్ని "కలయిక నొప్పి కాదు" అని పక్కన పెట్టేస్తారు, అక్కడే పొరపాటు. ఏటికేడూ పెరిగే బహిష్టు నొప్పి, సెలవు పెట్టాల్సినంత నొప్పి, ఆ రోజుల్లో విరేచనానికి వెళ్తే నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్‌ను, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బును, అనుమానించాలి. దీనివల్లే తర్వాత లోతు నొప్పి కూడా వస్తుంది. స్కానింగ్‌లో చాక్లెట్ సిస్టు (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) కనిపిస్తే తేలిపోతుంది. కనిపించకపోయినా లేదని కాదు, పొట్ట లోపలి పొర మీది చిన్న మచ్చలు స్కానింగ్‌కు అందవు. ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే డియెనోజెస్ట్ అనే హార్మోను మాత్ర 2 మి.గ్రా. రోజూ, లేదా గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టొచ్చు, లాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా పంపి చూడటం) చేసి నిరూపించాకే మందన్న పట్టుదల అక్కర్లేదు. డియెనోజెస్ట్‌తో మొదటి నెలల్లో అక్కడక్కడా రక్తం మరకలు కనిపిస్తాయి, అది చూసి మానేయకండి. దాన్ని గర్భనిరోధకంగా మాత్రం లెక్కపెట్టకూడదు. వెంటనే పిల్లలు కావాలంటే ఈ మందుల దారి కాదు, సిస్టు సైజు, వయసు చూసి ఆపరేషన్ అవసరమా అన్నది తేల్చుకోవాలి.

లోతు నొప్పికి మిగతా కారణాలు: గర్భసంచి, ట్యూబుల్లో ఇన్ఫెక్షన్, అడినోమయోసిస్ (గర్భసంచి లోపలి పొర దాని గోడలోకి పెరగడం), అండాశయ సిస్టులు, పాత ఆపరేషన్ల అతుకులు, మన దేశంలో గర్భసంచి టీబీ, మూత్రసంచి వాపు, మలబద్ధకం. గర్భసంచి వెనక్కి వాలి ఉందని స్కానింగ్‌లో రాస్తే బెంగపడకండి, చాలామందికి పుట్టుకతో అలాగే ఉంటుంది, నొప్పీ ఉండదు. జ్వరం, వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి కలిసి ఉంటే అదే రోజు చూపించుకోవాలి. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే గర్భసంచి మూతిని స్పెక్యులమ్‌తో (యోనిని తెరిచి చూసే పరికరం) కంటితో చూడకుండా మందు తీసుకోవద్దు.

పరీక్ష గురించి. మీరు "ఆపండి" అంటే డాక్టరు ఆపాలి, పక్కన మహిళా సిబ్బంది ఉండాలి. మొదటి విజిట్‌లో స్పెక్యులమ్ అవసరం లేదు. బయట చూడటం, దూది పుల్ల, వీలైతే ఒక వేలు చాలు. స్కానింగ్ యోనిలో నుంచే చేయాలని పట్టుబడితే, కలయిక సాధ్యం కాలేదని ముందే చెప్పి, మూత్రసంచి నింపుకుని పొట్ట మీద నుంచి చేయించుకోండి. ప్రైవేటు భారమైతే బెంగళూరులో వాణీ విలాస్, చెన్నైలో ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. రద్దీ ఎక్కువ, పొద్దున్నే ఓపీకి వెళ్లాలి.

ఒక కాన్పుతో సర్దుకుంటుందన్న మాట నిజం కాదు, వజైనిస్మస్ కాన్పు తర్వాతా కొనసాగవచ్చు. పిల్లల కోసం ఇంట్లో ఒత్తిడి ఉంటే దాన్ని ఈ చికిత్స నుంచి వేరు చేయండి. ఇద్దరికీ ఇన్ఫెక్షన్ పరీక్షలు అయ్యాక, అండం విడుదలయ్యే రోజుల్లో శుభ్రమైన గిన్నెలో సేకరించిన వీర్యాన్ని సూది లేని సిరంజితో ద్వారం దాటి వదలడం ఇంట్లోనే చేసుకోవచ్చు, గంటలోపు. ఖరీదైన చికిత్సలకు ముందు ఇది ప్రయత్నించదగ్గది. కానీ డైలేటర్ల సాధన ఆపకండి. గర్భం వచ్చాక కూడా కొనసాగించవచ్చా అన్నది మీ డాక్టరును అడగండి. కాన్పు చేసేవాళ్లకు ఈ సమస్య ఉందని కేసు షీటు మీద ముందే రాయించండి. నొప్పుల్లో లోపలి పరీక్షలు అవసరమైనంత వరకే, మీకు చెప్పి, నెమ్మదిగా చేయమని అందులోనే ఉండాలి.